ఇంకో కోర్సు జవాబు కాదు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, మన కాలపు పెద్ద నమ్మకం ఒకటి ఫ్లెక్సీల మీద, కరపత్రాల మీద, కరెంటు స్తంభాల మీద కనిపిస్తుంది. ఒక అంతస్తులో జావా, పక్క బ్లాకులో టెస్టింగ్, ఆ పైన మెడికల్ కోడింగ్, మెట్ల కింద స్పోకెన్ ఇంగ్లిష్. కోర్సుల పేర్లు మారుతూ వచ్చాయి. 1990ల చివర మెయిన్‌ఫ్రేమ్ బోర్డు ఉన్న చోట ఇప్పుడు డేటా సైన్స్ బోర్డు ఉంది. నమ్మకం మాత్రం అదే: ఉద్యోగాలకు కొదవ లేదు, ఉద్యోగానికి పనికొచ్చే మనిషికే కొదవ. కాబట్టి ఉద్యోగం రానివాడు, వచ్చినా నిలవనివాడు ఇంకొకటి నేర్చుకోవాలి. మంత్రులు ఇదే అంటారు, పరిశ్రమల సంఘాల సభల్లో ఇదే అంటారు, పెళ్లి పందిట్లో పక్క కుర్చీలో కూర్చున్న మేనమామ కూడా ఇదే అంటాడు. ఇంతమంది ఒకే మాట అంటుంటే అది నిజమే అయి ఉంటుందనిపించడం సహజం. కానీ ఈ మాట లోటును లేని చోట చూపిస్తోంది. పని నేర్పే చోటికీ, ఆ పని మీదే జీతం తీసుకుంటూ రెండు మూడేళ్లు నిలదొక్కుకునే చోటికీ మధ్య దారి తెగిపోయి ఉంది. ఆ దారి వేయాల్సిన బాధ్యత నేర్చుకునేవాళ్లది కాదు. వేయాల్సినవాళ్లు వేయకుండా, నడవడం రాలేదని కుర్రాళ్లను తప్పుపడుతున్నాం.

ఈ నమ్మకానికి ఎదురు సాక్ష్యం చెబుతున్నది అమీర్‌పేటే. ఆ వీధుల్లో కోర్సు తర్వాత గిరాకీ ఉన్న సరుకేమిటో అక్కడ అందరికీ తెలుసు: ఎక్స్‌పీరియన్స్ లెటర్. ఫలానా కంపెనీలో మూడేళ్లు చేసినట్టు కాగితాలు, పే స్లిప్పులు, ఎవరైనా ఫోన్ చేసి వాకబు చేస్తే అవునని చెప్పే ఒక గొంతు. ‘ఫేక్ పెట్టడం’ అని దీనికి ఓ మామూలు క్రియాపదమే పుట్టింది. అది మోసం, అందులో సందేహం లేదు. పట్టుబడితే ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది. అయితే నీతి సంగతి కాసేపు పక్కన పెట్టి బేరం సంగతి చూద్దాం. కొరత నైపుణ్యానిదే అయితే, కుర్రాడు తన దగ్గర మిగిలిన ఆఖరి డబ్బుతో నైపుణ్యమే కొనాలి. అతను నైపుణ్యం కొన్నాడు, ఒకటి కాదు, రెండు మూడు కోర్సులు చేశాడు. అయినా అప్పు చేసి మరీ కొంటున్నది ఇంకొకటి, ఇంతకుముందు ఎవరో ఒకరు తనను పనిలో పెట్టుకున్నారన్న రుజువు. ఏది నిజంగా దొరకడం లేదో దానికే దొంగ సరుకు తయారవుతుంది. పైగా అలా చేరినవాళ్లలో చాలామంది పని చేసుకుపోతూనే ఉండాలి, లేకపోతే ఈ దందా ఏడాది తిరక్కుండానే మూతపడేది. అంటే పని చేయగలవాడికి సైతం, పని చేశానన్న కాగితం లేకపోతే తలుపు తెరుచుకోవడం లేదు.

నైపుణ్యం లేదన్న మాటకు బలం తెచ్చినవి కొన్ని అంకెలు. మన ఇంజనీర్లలో నాలుగింట ఒక వంతు మాత్రమే బహుళజాతి సంస్థలకు పనికొస్తారని 2005లో మెకిన్సీ చెప్పింది. వందలో ఎనభై మంది ఉద్యోగానికి తగరని 2016లో ఆస్పైరింగ్ మైండ్స్ నివేదిక తేల్చింది. అప్పటి నుంచి ఈ ఎనభై అంకె ప్రతి సంపాదకీయంలో వేదవాక్కులా తిరుగుతోంది. ఇలాంటి పరీక్షలు కాలేజీ వదిలే కుర్రాడికి ఏం తెలుసో కొలుస్తాయి. ఆరు నెలలు ఒక బృందంలో కూర్చోబెట్టి పని చేయిస్తే అతనికి ఏం తెలుస్తుందో కొలవవు. ఒడ్డున నిలబెట్టి ఈత పరీక్ష పెట్టినట్టు. ఇక రెండో లెక్క చూడండి. తెలంగాణ ప్రభుత్వమే ఏటా ప్రకటించిన లెక్కల ప్రకారం రాష్ట్రంలో ఐటీ ఉద్యోగుల సంఖ్య 2013-14లో 3.23 లక్షలు, 2022-23 నాటికి 9.05 లక్షలు. దాదాపు మూడింతలు. వందలో ఎనభై మంది పనికిరారన్న పదేళ్లలోనే ఈ పెరుగుదల జరిగింది. ఆ లక్షల మంది ఆకాశం నుంచి దిగలేదు. ఎక్కువ మంది అవే కాలేజీల నుంచి, అదే అమీర్‌పేట నుంచి వెళ్లారు. గిరాకీ ఉన్నప్పుడు కంపెనీలు దొరికినవాళ్లను తీసుకుని, నెలల తరబడి జీతమిచ్చి నేర్పించుకున్నాయి. గిరాకీ మందగించగానే అదే చదువు, అదే కుర్రాడు, ‘స్కిల్ లేదు’ అయిపోయాడు. మారింది కుర్రాడి బుర్ర కాదు.

ఐటీలో శిక్షణ ఎక్కువగా తరగతి గదిలో జరుగుతుంది కాబట్టి, అసలు పని తెలియకపోవడమే లోపమని ఎవరైనా అనవచ్చు. సరే, పని చేసే చోటే పని నేర్చినవాళ్ల సంగతి చూద్దాం. 1961 అప్రెంటిస్ చట్టం సెక్షన్ 18 ఒక్క మాటలో తేల్చేసింది: అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాడు. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం యజమానికి లేదని సెక్షన్ 22 మొదట చెప్పేది. 2014 సవరణ ఆ వాక్యం తీసేసి, తన దగ్గర శిక్షణ ముగించినవారిని నియమించుకోవడానికి ప్రతి యజమానీ సొంత విధానం ఒకటి రూపొందించుకోవాలని రాసింది. వినడానికి బాగుంది. ఆ విధానంలో కనీసం ఏముండాలో చట్టం చెప్పలేదు. ఎవరినీ తీసుకోకపోవడం కూడా ఒక విధానమే కదా! సుప్రీంకోర్టు 1995లో, ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ అప్రెంటిస్‌ల కేసులో, మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలంది. ‘మిగతావి సమానమైతే’ అన్న ఆ చిన్న సందులోంచి ఎన్ని సంస్థలైనా తప్పుకోవచ్చు. రైల్వే ఉదాహరణ మరీ విడ్డూరం. మన లాలాగూడ వర్క్‌షాప్ లాంటి చోట్ల, రైల్వే మేస్త్రీల దగ్గర, రైల్వే యంత్రాల మీద నేర్చుకుని, జాతీయ ట్రేడ్ పరీక్ష పాసైనవాళ్లు బయటికొచ్చి మామూలు అభ్యర్థుల వరసలో నిలబడాలి. కింది స్థాయి పోస్టుల్లో వాళ్లకు 20 శాతం కేటాయించారు. అది చాలదంటూ 2018 మార్చి 20న ముంబైలో దాదర్, మాటుంగా మధ్య పట్టాల మీద కూర్చుని లోకల్ రైళ్లు ఆపేశారు. వాళ్లకు నైపుణ్యం లేదని రైల్వే అనగలదా? అలా అంటే, నేర్పింది ఎవరు?

ఇక డబ్బు లెక్క. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం అప్రెంటిస్‌కు నెలకు ఇవ్వాల్సిన కనీస స్టైపెండ్ చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయలు. 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. చట్టం కింద చేరిన అప్రెంటిస్‌కు పీఎఫ్ వర్తించదు. ఇప్పుడు యజమాని కుర్చీలో కూర్చుని చూడండి. శిక్షణ పూర్తయిన బ్యాచ్‌ను ఉంచుకుంటే కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ. వాళ్లను పంపేసి కొత్త బ్యాచ్ తెచ్చుకుంటే స్టైపెండ్, అందులో కొంత ప్రభుత్వం సొమ్ము. యజమాని దుర్మార్గుడు కానక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. 2013లో ఏఐసీటీఈ తెచ్చిన ‘నీమ్’ పథకం ఈ లెక్కను చివరికంటా తీసుకెళ్లింది. శిక్షణార్థులన్న పేరుతో మనుషులను కర్మాగారాలకు సరఫరా చేసే ఏజెంట్లు పుట్టుకొచ్చారన్న విమర్శలు వెల్లువెత్తాయి, దాదాపు పదేళ్ల తర్వాత దాన్ని ఉపసంహరించుకున్నారు. 2024 అక్టోబరులో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకానిదీ అదే పునాది. ఏడాది పాటు నెలకు 5,000, అందులో 4,500 కేంద్రానిది. ఏడాది గడిచాక ఏమిటన్న ప్రశ్నకు కంపెనీ జవాబు చెప్పాల్సిన పని లేదు. పంజాగుట్ట షోరూమ్ కౌంటర్ వెనక, ఆస్పత్రి ల్యాబ్‌లో, డయాలసిస్ గదిలో ‘ట్రైనీ’ బ్యాడ్జి పెట్టుకున్న మనిషి చేసే పనికీ, పక్కన పర్మనెంట్ మనిషి చేసే పనికీ తేడా కనిపెట్టడం వచ్చేపోయేవారికి కష్టం. జీతం కాగితం మీద మాత్రం ఆ తేడా స్పష్టంగా ఉంటుంది.

ఫలితాలు ఎలా లెక్కపెడుతున్నామో చూస్తే ఈ నిర్లక్ష్యం ఎంత లోతుదో తెలుస్తుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదటి మూడు దశల్లో, సర్టిఫికెట్ పొందినవారిలో ఉద్యోగంలో చేరినట్టు నమోదైనవారు సగం కూడా లేరు. దీనికి విరుగుడుగా నాలుగో దశలో ఏం చేశారు? స్వల్పకాలిక శిక్షణను నియామకాల లెక్క నుంచి విడదీశారు. అభ్యర్థులు తమకు నచ్చిన దారి ఎంచుకునేలా సాధికారత కల్పించడం ఇప్పటి ఉద్దేశమని పార్లమెంటులో జవాబు. జ్వరం తగ్గలేదని థర్మామీటరు పారేసినట్టుంది. గ్రామీణ యువత కోసం 2014లో వచ్చిన దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన కాస్త నయం. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపించాలని, ఆ ఉద్యోగంలో మూడు నెలలైనా నిలిస్తేనే లెక్కలోకి వస్తుందని నిబంధన పెట్టింది. మూడు నెలలే! అయినా ఆ మాత్రం గీత గీసిన పథకాలు మనకు అరుదు. చాలా పథకాల్లో శిక్షణ సంస్థకు డబ్బు ఎక్కువగా చేరేది తరగతి నిండినందుకు, సర్టిఫికెట్ ఇచ్చినందుకు. ఏడాది తర్వాత ఆ కుర్రాడు ఎక్కడున్నాడో చెప్పినందుకు కాదు. దేనికి డబ్బిస్తే అది పెరుగుతుంది. మనం సర్టిఫికెట్లకు డబ్బిచ్చాం, అవి పెరిగాయి.

దారి ఎక్కడ తెగుతోందో ఈ నగరానికి తెలియక కాదు. పాతికేళ్ల కిందటే కొందరు కనిపెట్టారు. అమీర్‌పేట చిరునామాతో చాలాకాలం నడిచిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తాలూకు ఫౌండేషన్ 1999లో ‘ల్యాబ్స్’ పేరుతో జీవనోపాధి శిక్షణ మొదలుపెట్టింది. బడి మానేసిన పిల్లలు, పేద కుటుంబాల యువత అందులో చేరారు. దాని పద్ధతిలో చెప్పుకోదగ్గది ఒకటుంది. కోర్సు నిర్ణయించే ముందే చుట్టుపక్కల దుకాణాలు, హోటళ్లు, ఆస్పత్రులు తిరిగి ఎక్కడ ఎవరు కావాలో అడిగి, దాన్ని బట్టి పాఠం తయారు చేసేవారు. 2005లో ఉమ్మడి రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈజీఎంఎం అనే మిషన్ పెట్టింది. ఊళ్లలోని మహిళా సంఘాల ద్వారా పిల్లలను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, నగరాల్లో పనిలో చేర్చేది. పల్లె నుంచి వచ్చిన పిల్ల ఉద్యోగం మానేసేది పని రాక కాదు, మొదటి జీతం చేతికొచ్చేలోగా చేతిలో డబ్బు అయిపోయి అని ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు త్వరగానే అర్థమైంది. ఎస్సార్ నగర్‌లోనో బల్కంపేటలోనో హాస్టల్‌కు అడ్వాన్సు ముందే కట్టాలి. జీతం నెల నిండాక వస్తుంది, కొన్నిచోట్ల పదో తారీఖు దాటాక వస్తుంది. ఆ మధ్య నలభై రోజులు దాటించే నాథుడు లేక ఎందరో తిరుగు బస్సెక్కుతారు. పైన చెప్పిన గ్రామీణ కౌశల్య యోజన ఇది గమనించింది. ఉద్యోగంలో చేరాక నెలకు వెయ్యి రూపాయల సాయం పెట్టింది: సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలో మరో జిల్లా అయితే మూడు, బయటి రాష్ట్రమైతే ఆరు. మొత్తం చిన్నదే, ఆలోచన మాత్రం సరైనది. దూరం పెరిగేకొద్దీ నిలదొక్కుకోవడానికి ఎక్కువ కాలం పడుతుందని ఒప్పుకున్న పథకం అది. ఈజీఎంఎంను నడిపిన మీరా షెనాయ్ 2012లో హైదరాబాద్‌లో వికలాంగ యువత కోసం యూత్ ఫర్ జాబ్స్ స్థాపించారు. అక్కడ శిక్షణ అభ్యర్థికి ఎంతో, యజమానికీ అంత. వినపడని కుర్రాడు కౌంటర్‌లో నిలబడితే పక్కవాళ్లు నాలుగు సైగలు నేర్చుకోవాలి, సూపర్‌వైజర్ పని చెప్పే తీరు మార్చుకోవాలి. అత్యంత కష్టమనుకున్న చోట ఇది సాధ్యమైతే, మామూలు ఐటీఐ కుర్రాడి విషయంలో యజమాని ఏమీ నేర్చుకోనక్కర్లేదని ఎందుకనుకుంటున్నాం?

‘ఈ తరానికి ఓపిక లేదండీ, వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే పక్క షాపుకి పోతారు’ అన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. పోతారు, నిజమే. అందులో సగం వలసలు పైకి ఎక్కే మెట్లే, వాటిని తప్పుపట్టాల్సిన పని లేదు. పన్నెండు వేల జీతగాడికి వెయ్యి అంటే హాస్టల్ బిల్లులో గణనీయమైన భాగం. అదే వెయ్యి కోసం వంద కోట్ల కంపెనీ తన బ్యాంకు మార్చుకుంటే దాన్ని మనం తెలివి అంటాం. ఇక ఓపిక, తపన, దృక్పథం వంటివి నేర్పితే చాలన్న ఆలోచనకు మన నగరంలో పాత చరిత్రే ఉంది. అమీర్‌పేట పక్కనే యూసఫ్‌గూడలో ఉన్న చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో, హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ బృందం 1964 నుంచి కాకినాడ వ్యాపారులకు సాధన ప్రేరణ పాఠాలు చెప్పింది. 52 మంది వచ్చారు. తర్వాత వాళ్లలో వ్యాపార చురుకుదనం పెరిగిందని పుస్తకం రాశారు, ప్రపంచమంతా ‘కాకినాడ ప్రయోగం’ అని చెప్పుకుంది. కానీ వాళ్లు ఎవరు? అప్పటికే సొంత దుకాణాలు, సరుకు, అప్పు పుట్టే పరపతి ఉన్నవాళ్లు. తపన పెరిగితే పెట్టడానికి వాళ్లకు చోటుంది. అదే పాఠాన్ని పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉన్న కుర్రాడికి చెబితే, అతను ఆ తపనంతా పెట్టాల్సింది పన్నెండో నెల ఇంకో ఉద్యోగం వెతుక్కోవడంలోనే.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. నియామకం తప్పనిసరి చేస్తే కంపెనీలు అసలు అప్రెంటిస్‌లనే తీసుకోవు, ఉన్న తలుపు కూడా మూసుకుపోతుంది అంటారు. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పది మందితో నడిచే బాలానగర్ వర్క్‌షాప్ యజమాని ఏటా ఇద్దరిని పర్మనెంట్ చేయమంటే చేయలేడు. అందుకే నిర్బంధం అడగడం లేదు. జర్మనీలో కూడా చట్టం అందరినీ తీసుకోమనదు. అయినా అక్కడ శిక్షణ ముగించినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందిని శిక్షణ ఇచ్చిన సంస్థలే ఉంచుకుంటున్నాయి. అక్కడి కంపెనీ శిక్షణ మీద సొంత డబ్బు బాగా ఖర్చు పెడుతుంది, రెండు మూడేళ్లు పెడుతుంది, కాబట్టి నేర్చినవాణ్ని వదులుకుంటే దానికే నష్టం. చాలా రంగాల్లో కార్మిక సంఘాల ఒప్పందాలు కూడా ఉంచుకోవడం గురించి మాట్లాడతాయి. మన దగ్గర శిక్షణార్థి చవకగా దొరుకుతాడు కాబట్టి పారేయడమూ చవకే. మార్చాల్సింది ఈ ధర. స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటాను మొదటి రోజు నుంచి అందరికీ సమానంగా పంచకుండా, కొంత భాగం ఆపి, శిక్షణ తర్వాత ఏడాది పాటు అదే మనిషిని పీఎఫ్‌తో ఉంచుకున్న సంస్థకు ఇవ్వవచ్చు. చిన్న వర్క్‌షాప్ ఉంచుకోలేకపోతే, పక్క వీధిలో ఇంకో వర్క్‌షాప్‌లో చేర్చినా ఆ డబ్బు రావాలి. ఎవరినీ బలవంతపెట్టలేదు, కానీ వాడి పారేసే బ్యాచ్‌కు దక్కే లాభం పోయింది.

ఈ ఆలోచన ఢిల్లీకి కొత్తది కూడా కాదు. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం 99,446 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఉపాధి ప్రోత్సాహక పథకం, మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి 15,000 దాకా రెండు విడతలుగా ఇస్తుంది, మొదటిది ఆరు నెలలు పని చేశాక, రెండోది పన్నెండు నెలలు చేశాక. కొత్తగా చేర్చుకున్న ప్రతి ఒక్కరికీ యజమానికి నెలకు 3,000 వరకు, అది కూడా ఆరు నెలలైనా ఉంచుకుంటేనే. నిలవడానికి విలువ కట్టిన పెద్ద పథకం ఇది. చిక్కల్లా ఒకటే, దాని గుమ్మం పీఎఫ్ ఖాతా. అప్రెంటిస్ ఆ గుమ్మానికి ఇవతలే ఉంటాడు. రెండు మంత్రిత్వ శాఖలు, రెండు పోర్టళ్లు, ఒకే కుర్రాడు. ఒకదాంట్లో శిక్షణ ముగిసినట్టు, ఇంకోదాంట్లో ఇంకా పుట్టనట్టు. మన రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లిలో మొదలైంది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు, ఎలక్ట్రిక్ వాహనాల ల్యాబులు. యంత్రాలు కావాల్సిందే, ఎవరూ కాదనరు. అయితే ఆ ఖర్చులో ఒక వంతు మాత్రమైనా ప్రతి సెంటర్‌లో ఇద్దరు ముగ్గురు మనుషుల మీద పెట్టాలి. వాళ్ల పని పాఠం చెప్పడం కాదు. బయటికి వెళ్లిన పిల్లలకు నెలనెలా ఫోన్ చేయడం, సూపర్‌వైజర్‌తో మాట్లాడటం, హాస్టల్ దొరక్కపోతే వెతికిపెట్టడం, జీతం ఆగితే అడగడం. యంత్రానికి వార్షిక నిర్వహణ ఒప్పందం రాసుకుంటాం. మనిషికి ఆ మాత్రం చేయలేమా?

ఈలోగా చేయదగ్గ పని ఒకటి తల్లిదండ్రుల చేతుల్లోనే ఉంది. మీ అబ్బాయిని, అమ్మాయిని అప్రెంటిస్‌గా చేర్చేటప్పుడు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, సెక్షన్ 22 కింద ఆ సంస్థ రాసుకున్న నియామక విధానం కాగితం చూపించమనండి. కిందటి బ్యాచ్‌లో ఎంతమంది అక్కడే ఉన్నారో అడగండి. అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు కూడా అదే ప్రశ్న వేయండి: ఎంతమందికి ఉద్యోగం వచ్చిందని కాదు, ఏడాది తర్వాత ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారని.